మూల నుంచి మూలకు

నాలుగు పక్కలూ సమానంగా ఉన్న రెండు చేలు సమానమేనని నలుగురిలో నిలబడి నాలుక తడబడకుండా చెప్పినవాణ్ణి నేను. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. లెక్కల్లో క్లాసుకే మొదటివాణ్ణి. మొదటివాణ్ణి కాబట్టే ఆ తప్పు చేసే అవకాశం నాకు దక్కింది. చివరివాణ్ణి అయివుంటే నన్నెవరూ అడిగేవారు కాదు, ఒక మనిషికి పన్నెండు గుంటల భూమి పోయేదీ కాదు. తెలివితక్కువ పని చేయడానికి కూడా కొంత తెలివి ఉండాలని ఆ రోజు అర్థమైంది.

మొన్న ఈ సంగతి మళ్ళీ కదిలింది. నిజానికి కదిలింది మంచం. మా ఇంట్లో ఒక పాత నులకమంచం ఉంది. పడుకున్నవాడు ఎటు తిరిగితే అది అటు ఒరుగుతుంది. అంత మర్యాదస్తురాలు. తలుపు బిగించడానికి వచ్చిన వడ్రంగి దాన్ని చూసి చేతులు ఆపుకోలేకపోయాడు. ఒక తాడు తీసి ఈ మూల నుంచి ఆ మూలకు పట్టాడు. తర్వాత మిగిలిన రెండు మూలలకూ పట్టి చూశాడు.

"రెండు కొలతలు ఒక్కతీరు లేవు సారూ. జానెడు తేడా ఉన్నది. చీలలు గొట్టి సీదా చేస్త. గడియల పని."

"ఉండనీ."

"గిట్ల వంకరగ పండుకుంటే నడుము పోతది."

"పోయి ఎన్నేళ్ళో అయింది. ఇప్పుడు సీదా చేస్తే నాకు నిద్ర పోతది."

నావైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ఆ మంచం నాది కాదు. బాన్సువాడ బడిలో మాకు రేఖాగణితం చెప్పిన సారుది.

ఆయన పేరు రాయను. ఆయనకే తన పేరంటే పెద్ద పట్టింపు లేదు. "త్రిభుజానికి అలిఫ్, బే, జీమ్ అని పేర్లు పెడితే మూలలు తెలుస్తయి. మనిషికి పేరు పెడితే కులం తెలుస్తది. నాకు మూలలు చాలు" అనేవాడు. మేం మాస్టర్ సాబ్ అనేవాళ్ళం. దేగ్లూర్ వైపు మనిషి. ఇంట్లో మరాఠీ, బడిలో ఉర్దూ, బజార్లో తెలుగు. కోపం వస్తే మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వచ్చేవి. అప్పట్లో మా చదువంతా ఉర్దూలోనే. త్రిభుజం ముసల్లస్, కోణం జావియా, వృత్తం దాయిరా. సిద్ధాంతం రుజువైన ప్రతిసారీ చివరి వరస మేమందరం గొంతెత్తి అనాలి: "యహీ సాబిత్ కర్‌నా థా." రుజువు చేయవలసింది ఇదే అని అర్థం. అర్థం తెలియనివాళ్ళు కూడా గట్టిగా అనేవారు, ఎందుకంటే అది అయ్యాకే గంట కొట్టేవారు.

మనిషి పొట్టి. నడుముకు బెల్టు ఉండేది కాదు. సన్నని జనపతాడు పది చుట్లు చుట్టుకునేవాడు, గజానికొక ముడి. పది గజాల మనిషి అని వెనకాల నవ్వుకునేవాళ్ళం. నల్లబల్ల మీద చేతితోనే గీసిన వృత్తం చూస్తే చందమామ సిగ్గుపడాలి. ఆయన చేసుకునే రొట్టెలు మాత్రం ఏ దేశపు పటాలో చెప్పడం కష్టం. "మాస్టర్ సాబ్, గిది దాయిరా గాదు" అని ఒకసారి ధైర్యం చేసి అన్నాను. "పొట్టకు దలీల్ అక్కర్లేదు రా, తిను" అని ఒక ముక్క నా నోట్లో కుక్కాడు.

దలీల్ అంటే ఆధారం, రుజువు. ఆ మాట ఆయన ఊతపదం. బెల్లం తియ్యగుంది అని దుకాణదారు అంటే, "దలీల్?" వాన వచ్చేటట్టుంది అని ఎవరైనా అంటే, "దలీల్?" మా పెద్దలు చెప్పిండ్రు అని మేమంటే మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పెద్దలు చెప్పిండ్రు, ఠీక్. పెద్దలకెవ్వరు చెప్పిండ్రు?" అనేవాడు. ఆ ప్రశ్నకు చివర ఉండేది కాదు.

మాకు పేర్లూ ఆయనే పెట్టేవాడు. లావుగా ఉండే కోమటాయన కొడుకు దాయిరా. సన్నగా పొడుగ్గా ఉండే వాడు ఖత్, అంటే గీత. నేను నుక్తా, బిందువు. ఎంత ముద్దు పేరో అని మురిసిపోయాను. తర్వాత పుస్తకంలో నిర్వచనం చదివాను. బిందువుకు చోటు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు.

ఇవన్నీ నవ్వులాటలు. నవ్వులాట కానిది ఒకటుంది, ఆయన నమస్కారం. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరి హోదాను బట్టి వాళ్ళకు నడుము వంచేవారు. పటేలుకు ఇంత, భూములు తనిఖీ చేసే గిర్దావరుకు ఇంకాస్త, తహసీల్దారు వస్తే మొలకెత్తిన విత్తనంలా సగానికి వంగాలి. మాస్టర్ సాబ్ మాత్రం వీధి ఊడ్చే అవ్వకూ తహసీల్దారుకూ సరిగ్గా ఒకే వంపు వంగేవాడు. ఎవరో అడిగితే, "నా నడుముల ఒక్కటే జావియా ఉన్నది" అన్నాడు. ఆ జవాబు తహసీలు కచేరీదాకా వెళ్ళిందని, అక్కడ ఎవరికీ నవ్వు రాలేదని తర్వాత విన్నాను.

ఇక నా ఘనకార్యం. చదువు కోసం నేను మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. మామ బాన్సువాడ పక్క ఊరికి మాలీ పటేలు. భూముల కొలతలూ శిస్తు వ్యవహారాలూ ఆయన చేతి మీదుగానే నడిచేవి. కాలువ నీళ్ళు కొత్తగా వచ్చిన రోజులవి. కాలువ తూముకు ఆనుకొని తండా రైతు రూప్లాకు ఒక ఎకరం ఉండేది. చదరంగా, పీట వేసినట్టుండే చేను. తూము తెరిస్తే మొదటి నీళ్ళు దానికే. ఆ చేను మామకు నచ్చింది. నచ్చినదాన్ని అడగడం ఆయనకు అలవాటు, కాదనడం ఊరికి అలవాటు లేదు.

"నీ ఎకరం నాకియ్యి, నా ఎకరం నువ్వు తీసుకో. కాలువకు వాగుకు నడుమ ఉన్నది. అది గూడ గంతే" అన్నాడు మామ.

రూప్లా తల గోక్కున్నాడు. "గది ఒక పక్కకు ఒరిగినట్టు గొడతది పటేలా."

"కంటికి గొట్టుడు ఏందిర? కొలిస్తె తెలుస్తది."

మా వైపు చేను కొలవడమంటే గట్టు వెంట తాడు పరచడమే. పైరున్న చేలో తాడు ఈడ్వకూడదని పట్టింపు. పైరు మీద తాడు పడితే ఆ ఏడు గింజ పట్టదంటారు. కాబట్టి చుట్టూ తిరిగి నాలుగు పక్కలూ కొలుస్తారు, లోపలికి ఎవరూ వెళ్ళరు. అప్పుడు రెండు చేలలోనూ వరి నడుము ఎత్తున ఉంది. మామ అదను చూసే అడిగాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు ఏదైనా ఆలస్యంగానే తెలుస్తుంది.

తాడు తిరిగింది. రూప్లా చేనుకు నాలుగు పక్కలూ డెబ్బై గజాలు. మామ చేనుకూ నాలుగు పక్కలూ డెబ్బై గజాలే. అయినా రూప్లా వేలిముద్ర వేయడానికి వెనకాడాడు. అప్పుడు మామ నా భుజం మీద చెయ్యేసి ముందుకు తోశాడు.

"నన్ను నమ్మకపోతె మాయె. మా పిల్లగాడు పెద్ద బడిల చదువుతుండు. వాణ్ణి అడుగు."

రూప్లా నావైపు చూశాడు. "నువ్వు చెప్పు బాపూ. రెండు ఒక్కటేనా?"

నన్ను అంత పెద్దమనిషి బాపూ అనడం అదే మొదలు. ఛాతీ గజం పెరిగింది. "నాలుగు పక్కలు సమానం. ఇగ రెండు చేన్లు సమానం కాక ఏమైతయి?" అన్నాను.

"చదువుకున్నోడివి. నువ్వు చెప్తె సరే" అని రూప్లా వేలు సిరాలో అద్దాడు.

మర్నాడు బడిలో ఈ పెద్దరికం దాచుకోలేకపోయాను. "మాస్టర్ సాబ్, నిన్న నేను చేన్లు కొలిచి తీర్పు చెప్పిన" అన్నాను. ఎలా కొలిచావని అడిగాడు. చెప్పాను. "దలీల్?" అన్నాడు. "నాలుగు పక్కలు సమానం" అన్నాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకొని, బయటికి వెళ్ళిపోయాడు. పాఠం మధ్యలో సారు లేచిపోవడం మేం ఎన్నడూ చూడలేదు. కాసేపటికి తన మంచాన్ని నెత్తిన పెట్టుకొని నడిబజారులోంచి వస్తూ కనిపించాడు. వెనకాల పదిమంది. ఎవరో పోయారనుకొని చేతులు జోడించిన ముసలమ్మ కూడా ఉంది.

క్లాసు మధ్యలో మంచం దించాడు. "నుక్తా, పండుకో."

పడుకున్నాను. పిల్లలు నవ్వుతున్నారు. ఆయన తలవైపు పట్టెను పట్టుకొని పక్కకు నెట్టాడు. కోళ్ళు వదులు. మంచం మెల్లగా ఒరిగింది. ఇంకాస్త నెట్టాడు. పట్టెలు రెండువైపుల నుంచీ దగ్గరికి వచ్చి నా భుజాలను నొక్కాయి.

"పట్టెలు ఏమన్న పొట్టిగైనయా?"

"లేదు మాస్టర్ సాబ్."

"నాలుగు పట్టెలు నాలుగు పట్టెలే. మరి నీకు జాగ ఎందుకు తక్కువైంది?"

ఇంకాస్త నెట్టాడు. నేను మంచానికీ సిద్ధాంతానికీ మధ్య ఇరుక్కుపోయాను. ఊపిరి ఆడక, "సమజైంది మాస్టర్ సాబ్, సమజైంది!" అని అరిచాను.

"ఏం సమజైంది?"

"పక్కలు మారకున్నా జాగ మారుతది."

"శాబాస్. నిన్న గా రూప్లాను గిట్లనే నొక్కినవ్." అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రమే మమ్మల్ని వెంటబెట్టుకొని మామ చేను గట్టుకు వచ్చాడు. కబురు తెలిసి మామ గుర్రం మీద వచ్చాడు. నేను ఖత్ వెనకాల దాక్కున్నాను. గీత వెనకాల బిందువు ఎంత దాగుతుందో అంతే దాగాను.

"పంతులూ, నా చేన్ల కాలు పెడితె మంచిగుండది. పైరు మీద తాడు పడొద్దు" అన్నాడు మామ.

మాస్టర్ సాబ్ తన ఒకే ఒక్క వంపుతో వంగి లేచాడు. "పెట్టం పటేలా. చేను మీదే, పైరు మీదే. జావియా మాత్రం బయటికి గూడ వస్తది."

రెండు గట్లు కలిసే మూల దగ్గర నిలబడి, ఆ గట్ల వరసలోనే చేను బయటి బీడులోకి రెండు తాళ్ళు లాగించాడు. కత్తెర తెరిస్తే పిడివైపు ఎంత తెరుచుకుంటుందో మొనవైపూ అంతే తెరుచుకుంటుంది. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిపోతే ఎదురెదురు కోణాలు సమానం. రెండేళ్ళుగా ఆ సిద్ధాంతం బట్టీపట్టి వల్లిస్తున్నాం. అది ఒక పటేలు చేలో అడుగు పెట్టకుండానే ఆ చేను లోపలి సంగతి చెప్పగలదని అప్పుడే చూశాం. బయటి తాళ్ళ మీద మూల నుంచి చెరి పది గజాలు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య దూరం కొలిచాడు. ఏడున్నర గజాలు దాటి కాస్త. తర్వాత తూము దగ్గరికి వెళ్ళి రూప్లా పాత చేను మూలకూ అలాగే కొలిచాడు. పద్నాలుగు గజాలు.

"చూసినవా రూప్లా అన్నా? నీ మూల ఇంత తెరిచి ఉన్నది. నీకొచ్చిన మూల సగం మూసుకున్నది."

రూప్లా తన బొటనవేలి మీది సిరా మరకను రెండో చేత్తో రుద్దుకుంటున్నాడు.

మామ గుర్రాన్ని తిప్పుకుంటూ, "బీట్ల గీసుకున్న గీతలకు చేన్లు మారయి పంతులూ" అన్నాడు.

"బీట్ల కాదు పటేలా. రేపు అంగట్ల గీస్త."

గీశాడు. వారానికి ఒకరోజు జరిగే అంగడి అది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. మైదానంలో సున్నంతో రెండు చేలు గీయించాడు, పదో వంతు కొలతకు, పక్క ఒక్కింటికి ఏడు గజాలు. ఒకటి చదరం. రెండోది తాళ్ళతో తెచ్చిన కోణం వేసి గీసిన వాలు చేను. ఎకరానికి నలభై గుంటలు కదా, నలభైమందిని పోగుచేశాడు. క్లాసు పిల్లలు చాలకపోతే కూరగాయలమ్మే అక్కలనూ కుండలమ్మే అన్ననూ పిలిచాడు. ధాన్యం వ్యాపారి దగ్గర నలభై గోనెసంచులు అడిగి తెచ్చి, తలా ఒకటి ఇచ్చాడు. సంచి పరుచుకొని దాని మీద కూర్చోవాలి. ఎవరి సంచి ఇంకొకరి సంచి మీద పడకూడదు.

"ఒక్కొక్కరు ఒక్కొక్క గుంట. కూసోండ్రి."

చదరంలో నలభై సంచులూ పట్టాయి. కుండలన్న మధ్యలో దర్జాగా కూర్చొని, "నేను రూప్లా నడిమి గుంటను. నా మీద మంచి వరి పండుతది" అన్నాడు. జనం నవ్వారు.

"లేవుండ్రి. ఇప్పుడు గీ చేన్లకు మారుండ్రి."

సంచులు లేచి వాలు చేనులోకి నడిచాయి. సర్దుకున్నారు, జరిగారు, మూలల దగ్గర సంచుల కొసలు మడిచారు. కూరగాయల అక్క, "జర జరుగుండ్రి తమ్మీ, నా జాగ నాకియ్యుండ్రి" అని మోచేత్తో పొడిచింది. ఎంత జరిగినా ఇరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. సంచులు చేతిలో పట్టుకొని పన్నెండుమంది గీత బయట నిలబడిపోయారు. వాళ్ళలో నేనొకణ్ణి.

మాస్టర్ సాబ్ రూప్లాను చెయ్యి పట్టుకొని మా ముందుకు తెచ్చాడు. "నిలబడ్డోళ్ళను లెక్కవెట్టు అన్నా. గా పన్నెండు గుంటలు నీయి."

రూప్లా ఒక్కొక్కరినీ వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. నా దగ్గరికి వచ్చి ఆగాడు. వేలు నా ఛాతీ మీద ఉంది. సిరా ఇంకా పూర్తిగా పోలేదు. "బాపూ, నువ్వు గూడ నాదేనా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా జనం రెండుగా చీలారు. మామ వచ్చి నిలబడ్డాడు. నావైపే చూశాడు. ఆయన ఇంటి అన్నం ఆ ఉదయమే తిని వచ్చాను.

"ఏమిర, నువ్వే చెప్పు. నలుగురు ఇంటుండ్రు. గా రెండు చేన్లకు నాలుగు పక్కలు సమానమా, కాదా?"

సమానమే. అది అబద్ధం కాదు. "సమానమే మామా" అన్నాను. మిగతా మాట, జాగ సమానం కాదన్నది, నాలుక దాకా వచ్చింది. పొట్ట దాన్ని కిందికి లాగింది.

"విన్నరా?" అన్నాడు మామ జనంతో. "దాంతోటి అయిపోయింది."

మాస్టర్ సాబ్ నా మీద కోప్పడి ఉంటే బాగుండేది. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిజమే చెప్పిండు. సగం దలీల్" అన్నాడు, అంతే.

మూడోరోజు పోలీసు అమీన్ సాబ్ జవాన్లను వెంటేసుకొని బడికి వచ్చాడు. అనుమతి లేకుండా సభ పెట్టినట్టు ఫిర్యాదు వచ్చిందన్నాడు. నలుగురు కూడితే సర్కారు చెవులు నిక్కబొడుచుకునే రోజులు.

"సభ గాదు సాబ్, చతుర్భుజం" అన్నాడు మాస్టర్ సాబ్.

"నలభైమంది కూసున్నరట?"

"ఇరవై ఎనిమిదిమందే కూసున్నరు. జాగ లేక పన్నెండుమంది నిలబడ్డరు. తక్రార్ అదే."

మాఫీనామా రాసిస్తే ఇంతటితో పోతుందని అమీన్ సాబ్ మంచిగానే చెప్పాడు. కాగితం, కలం ఇచ్చాడు. మాస్టర్ సాబ్ చాలాసేపు రాశాడు. రాసింది చదివిన అమీన్ సాబ్ మొహం ఎర్రబడింది. కాగితం నిండా వాలు చేను పటం, దాని కింద రుజువు, పద్ధతిగా, ఒక వరస తర్వాత ఒక వరస. ఆఖరున యహీ సాబిత్ కర్‌నా థా. క్షమాపణ ఎక్కడా లేదు.

నెల తిరక్కుండా బదిలీ కాగితం వచ్చింది, ఉద్గీర్ అవతల ఏదో ఊరికి. గిర్దావరు రూప్లాను పిలిచి, వేలిముద్ర పడ్డాక కాగితం కాగితమేనన్నాడు.

ఆయన వెళ్ళే రోజు బండి దగ్గరికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. ఆయనే కబురు పెట్టాడు. సామాను అంటే ఒక ట్రంకు పెట్టె, పుస్తకాలు. నడుము చుట్టూ ఏమీ లేదు. ధోవతిని మామూలుగా బిగించుకున్నాడు. అలా చూడటం నాకు అలవాటు లేక వేరే మనిషిలా కనిపించాడు. ముడుల తాడు రూప్లా భుజం మీద ఉంది.

"ఆయనకు తాడు, నీకు మంచం" అన్నాడు. "దీన్ని సీదా చెయ్యకు. పండుకున్నప్పుడల్లా ఒరగాలె. మిగిలిన సగం దలీల్ నీతాన్నే ఉన్నది నుక్తా. ఎప్పుడన్న చెప్పు."

"మీరు మళ్ళ వస్తరా మాస్టర్ సాబ్?"

"దలీల్?" అని నవ్వి బండెక్కాడు. నేనాయన్ను మళ్ళీ చూడలేదు.

ఆ పన్నెండు గుంటల్లో పదకొండు రూప్లాకు తిరిగి వచ్చాయి, ఎనిమిదేళ్ళ తర్వాత. పన్నెండోది కొత్త గట్టు కింద పోయిందని మామ చివరిదాకా అంటూనే ఉన్నాడు. ఎలా వచ్చాయన్నదే ఇక చెప్పవలసింది.

అప్పటికి నేను చిన్న పిల్లల బడిలో పంతులునయ్యాను. మామ బాన్సువాడలో కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. తెల్లవారుజామున ముహూర్తం. బోధన్ నుంచి రావలసిన మేస్త్రీ ఎండెక్కితే గాని రాలేనన్నాడు. "లెక్కలు చెప్పెటోడివి, గా ముగ్గు నువ్వే పొయ్యి" అన్నాడు మామ. పోశాను. నాలుగు మేకులు దిగ్గొట్టి, పక్క ఒక్కింటికి పన్నెండు గజాలు, వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, తెల్లని ముగ్గు పోశాను. ఒకవైపు మేకులు రెండూ కొంచెం పక్కకు జరిగాయి. జరిగాయి అనడం మర్యాద. ఎనిమిదేళ్ళు ఆ మంచం మీద పడుకున్నవాడికి ఎంత ఒరగాలో చెయ్యే చెబుతుంది.

మేస్త్రీ వచ్చి మూలమట్టం పెట్టి చూశాడు. ఇంకో మూలకూ పెట్టి చూశాడు.

"పటేలా, ఇల్లు ఒరిగింది."

"గోడలే లేవ్, ఇల్లెట్ల ఒరుగుతదిర?"

"ముగ్గే ఒరిగింది. గిట్ల కడితె దూలాలు కూసోవు. పట్టెమంచం ఏసినా గోడకు ఆనది."

మామ నావైపు తిరిగాడు. "ఏందిర ఇది?"

"నాలుగు పక్కలు కొలిపించు మామా."

కొలిపించాడు. పన్నెండు, పన్నెండు, పన్నెండు, పన్నెండు.

"సమానమా, కాదా?" అన్నాను.

"సమానమే. గని..."

"గని ఏంది మామా? నలుగురు ఇంటుండ్రు. నాలుగు పక్కలు సమానం. దాంతోటి అయిపోయింది."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పునాది తవ్వుతున్న కూలీలు పారలు ఆపారు. మట్టి తట్టలు మోసేవాళ్ళలో రూప్లా ఉన్నాడు. తట్ట నెత్తినే ఉంచుకొని నిలబడ్డాడు. మామ ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగాడు. గట్టు వెంట తిరిగినట్టే తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. ఏ పక్క చూసినా పన్నెండే.

"ఏం జెయ్యాలె పటేలా? పొద్దెక్కుతున్నది" అన్నాడు మేస్త్రీ. "వంకర ఇల్లే కట్టుమంటె కడత. నాదేం పోయింది."

మామ తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. నావైపు చూడలేదు. నేల వైపు చూస్తూ అన్నాడు.

"మూల నుంచి మూలకు కొలువుండ్రి."

రూప్లా తట్ట దించాడు. "ఏమన్నరు పటేలా? ఇనవడలే."

"మూల నుంచి మూలకు!" అని అరిచాడు మామ. వీధి అవతలి వాళ్ళు కూడా ఆగి చూశారు.

"గట్లనే పటేలా. తాడు నాతాన్నే ఉన్నది." రూప్లా తలకు చుట్టుకున్న రుమాలు విప్పాడు. దాని కింద మాస్టర్ సాబ్ జనపతాడు, పది గజాలు, గజానికొక ముడి. కొస మేస్త్రీ చేతికిచ్చాడు. "ముందుగాల మీ ఇల్లు కొలుద్దాం. ఎనుక నా చేను."

మామ పక్కకు జరిగి తాడుకు దారిచ్చాడు. ముప్పైమంది చూస్తుండగా కాదనడానికి ఆయన దగ్గర దలీల్ లేదు. నా పిడికిట్లో ముగ్గుపిండి ఇంకా కొంచెం మిగిలింది. వంగి, ఆ ఒరిగిన ఇంటి ముంగిట్లో, మామకు బాగా చదవవచ్చిన ఉర్దూలోనే రాశాను.

యహీ సాబిత్ కర్‌నా థా.